ఆర్విడ్ సిప్పోలా పళ్ల లెక్క

ఆర్విడ్ సిప్పోలాకి మనుషుల ముఖాలు గుర్తుండవు, పళ్లు గుర్తుంటాయి. ఎదురుపడిన మనిషిని అతను కళ్లలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. "బాగున్నావా" అనడు, "ఎన్ని మిగిలాయి?" అంటాడు. చెప్పేదాకా కదలడు. చెప్పాక కూడా వెంటనే నమ్మడు.

ఎండ కాసే ఊళ్లో అయితే నవ్వి ఊరుకోవచ్చు. కాలియో అలాంటి ఊరు కాదు. నవంబరు వచ్చిందంటే పెద్ద సరస్సు మీది పొగమంచు వీధుల్లోకి వచ్చి కూర్చుంటుంది, మధ్యాహ్నానికి కూడా లేవదు. ఊరి కింద మూతపడిన రాగి గని ఉంది. గాలి మళ్లినప్పుడల్లా దాని గొంతులోంచి ఎవరో నిద్రలో మూలిగినట్టు చప్పుడు వస్తుంది. సారాకొట్టు ముందు దూలానికి, వేటాడి తెచ్చిన జింకలు తలకిందులుగా వేలాడుతూ నెమ్మదిగా తిరుగుతుంటాయి. అలాంటి చోట, ఆరడుగుల మూడంగుళాల ముసలాయన, నల్లటి ఉన్ని కోటులో, రబ్బరు బూట్ల మీద చప్పుడు చెయ్యకుండా మీ భుజం పక్కకి తేలి వచ్చి "పైన ఎన్ని? కింద ఎన్ని?" అని అడిగితే, ఉన్న పళ్లు కూడా టకటకా కొట్టుకుంటాయి.

ఊళ్లో ఉన్న ఒక్క పళ్ల డాక్టరూ పదకొండేళ్ల కిందటే వెళ్లిపోయాడు. ముందు గని పోయింది, తర్వాత బడి పోయింది, ఆ తర్వాత డాక్టరు. కాలియో ఇప్పుడు ఒక్కో పన్నూ ఊడుతున్న నోరులా ఉంటుంది. ఆ నోటికి పెద్ద డాక్టరు తనే అన్నట్టు ఆర్విడ్ తిరుగుతుంటాడు, పీకడం ఒక్కటీ తప్ప.

హెల్మీ లాస్సిలా పోయినప్పుడు అతను శవపేటిక మీదికి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పాస్టరు అది ప్రార్థన అనుకుని జనాన్ని ఆపాడు. ఆర్విడ్ నిటారుగా లేచి, "కట్టుడు పళ్లు పెట్టేశారు. అవి ఆవిడకి ఎప్పుడూ సరిపోలేదు. తీసెయ్యండి, హాయిగా ఉంటుంది" అన్నాడు. వెనక వరసలో ఒకావిడ బయటికి వెళ్లిపోయింది. పాస్టరు మాత్రం పళ్లు కనపడకుండా తన పై పెదవిని నాలుగు రోజులు కిందికి లాక్కుంటూనే ఉన్నాడు.

ఆర్విడ్‌తో బాధ ఎక్కువగా పడింది ఇనప సామాన్ల షాపు నడిపే డార్లీన్ హిల్టునెన్. ఎందుకంటే ఈ మనిషి మూడు వేట సీజన్లుగా ఒక కరెంటు కైమా మిషన్ కొంటున్నాడు. కొంటున్నాడు అంటే, ఇంకా కొనలేదు.

కాలియోలో మాంసం కొట్టు లేదు. ఎవరి జింకని వాళ్లే ఇంట్లో కోసుకుంటారు. మంచి కండ ముక్కలు పక్కన పెట్టి, మిగిలిన మెడ, డొక్క, కాళ్ల ముక్కలు కైమా కొట్టి, తెల్ల కాగితంలో చుట్టి, కాగితం మీద లోపల ఏముందో నల్ల సిరాతో రాసి ఫ్రీజర్‌లో పడేస్తారు. అరవై ఏళ్లుగా ఆర్విడ్ ఆ పని చేత్తో తిప్పే మిషన్ మీదే చేశాడు. మూడేళ్లుగా కుడి భుజం తిరగడం మానేసింది, ఎడమ చేత్తో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. కాబట్టి కరెంటుది కావాలి. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది.

మొదటి ఏడాది డార్లీన్ ఒక ముచ్చటైన చిన్న మిషన్ చూపించింది.

"దీని పళ్లు దేంతో చేశారు?" అన్నాడు ఆర్విడ్.

"మిషన్‌కి పళ్లేంటి పెద్దాయనా?"

"లోపల చక్రాలుంటాయిగా. వాటి పళ్లు."

డార్లీన్ పెట్టె తిప్పి చదివింది. "నైలాన్ అని ఉంది."

"అంటే కట్టుడు పళ్లు. మెడ నరం ఒక్కటి తగిలితే ఊడతాయి. వద్దు."

రెండో ఏడాది ఆమె కసిగా ఒక రాక్షసిని తెప్పించింది. ఇద్దరు కలిసి బల్ల మీదికి ఎత్తారు. స్విచ్ వేస్తే షాపులో లైట్లు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాయి.

"ఇది దుప్పిని కొమ్ములతో సహా మింగేస్తుంది," అంది డార్లీన్. "పళ్లు ఉక్కువి. ముందే చూసి పెట్టాను."

ఆర్విడ్ మిషన్ గొంతులోకి టార్చి వేసి చూశాడు. "ఆపేశాక ఇందులో ఎంత మిగిలిపోతుంది?"

"ముప్పావు పౌను ఉంటుందేమో. అయితే?"

"అయితే ఒకరి మాంసం ఇంకొకరి దాంట్లో కలుస్తుంది. నాకు అలా కుదరదు."

గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెగ్గీ చిల్లర కింద పడేసింది. పెగ్గీ ఊళ్లో నడిచే వార్తాపత్రిక. ఆమె నోరు మూసుకున్నప్పుడు చూసినవాళ్లు లేరు. ఆర్విడ్ వెళ్లాక, "ఒకరి మాంసం అన్నాడు. ఎవరిదే ఆ ఒకరిది?" అని గుసగుసలాడింది.

"జింకదే తల్లీ."

"జింకని 'ఒకరు' అంటారా ఎవరైనా?"

మూడో ఏడాది ఆర్విడ్ పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు. సగం గడ్డకట్టిన మెడ మాంసం ఉన్న డబ్బా చంకలో పెట్టుకుని వస్తాడు. షాపు బల్ల మీదే మిషన్ తిప్పుతాడు. వచ్చిన కైమా ఒక చెంచాడు, వెంట తెచ్చుకున్న చిన్న పొయ్యి మీద వేయిస్తాడు. తర్వాత తన కట్టుడు పళ్లు రెండు వరసలూ ఊడదీసి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. బుగ్గలు లోపలికి పడిపోయి, ముఖం సగానికి మడిచినట్టయిపోతుంది. కళ్లు మూసుకుని, బోసి చిగుళ్లతో నములుతాడు. నెమ్మదిగా, చాలాసేపు. బయట పొగమంచు అద్దానికి ఆనుకుని ఉంటుంది. మిషన్ ఇంకా సన్నగా ఏడుస్తూనే ఉంటుంది. జేబు అంచు మీదుగా ఆ పళ్లు షాపులోని వాళ్లందరినీ చూసి నవ్వుతుంటాయి.

మేకులు కొనడానికి వచ్చినవాళ్లు మేకులు వదిలేసి వెళ్లిపోయేవారు.

"ఎలా ఉంది?" అని డార్లీన్ ప్రతిసారీ అడిగేది.

పళ్లు పెట్టుకున్నాక జవాబు వచ్చేది. "వేడెక్కింది. నలిగి ముద్దయింది. చంటిపిల్లల తిండి." ఇంకోసారి, "నరం బ్లేడుకి చుట్టుకుంది. తాడు నమిలినట్టుంది." ఇంకోసారి, "దీనికి వెనక్కి తిరగడం రాదు. ఇరుక్కుంటే చచ్చినట్టే." అలా పదకొండు మిషన్లు. పదకొండూ పెట్టెల్లోకి తిరిగి వెళ్లాయి.

"మీరు పళ్లు పెట్టుకునే తినొచ్చుగా?" అని ఒకసారి విసుక్కుంది.

ఆర్విడ్ ఆమె వైపు, అంటే ఆమె నోటి వైపు, జాలిగా చూశాడు. "ఇరవై ఎనిమిది," అన్నాడు. "నీకు తెలియదులే."

ఆ నవంబరులోనే పెగ్గీ ఆ వార్త మోసుకొచ్చింది. ఫైరింజన్ వాళ్ల లాటరీ టికెట్లు అమ్మడానికి ఊరంతా తిరుగుతూ ఆర్విడ్ కొట్టం దాకా వెళ్లిందట. అతను లోపల లేడు. ఫ్రీజర్ మూత సగం తెరిచి ఉంది.

"నేను తెరవలేదు, ఒట్టు. అదే తెరిచి ఉంది. లోపల తెల్ల పొట్లాలు. వరసగా. ఒక్కోదాని మీదా రాసి ఉంది."

"రాయరా మరి? ఏ మాంసమో అందరం రాస్తాం."

"అదే నేను చెప్పేది! నువ్వేం రాస్తావు? జింక, మెడ, ఫలానా ఏడాది. అతను ఏం రాశాడో తెలుసా? 'హెల్మీ లాస్సిలా, మెడ, రెండుసార్లు.'"

డార్లీన్ చేతిలోని తాళాల గుత్తి ఆగింది.

"హెల్మీ ఫిబ్రవరిలో పోయింది," అంది పెగ్గీ వేళ్లు మడుస్తూ. "దాని కింద ఇన్‌గ్రిడ్. ఆవిడ ఈస్టరుకి పోయింది. దాని కింద ముసలి వెర్నర్. జులై. మూడు పేర్లు, మూడు పేటికలు. అతని కాగితం మీద పేరు పడితే ఆ మనిషి ఏడాది దాటడే."

"ఇంకెవరి పేర్లున్నాయి?"

"చూసేలోపే వెనకాల నుంచి 'నీకు ఎన్ని?' అన్నాడు. పరిగెత్తుకొచ్చాను. టికెట్లు అక్కడే పడిపోయాయి. తెచ్చిపెట్టవూ?"

డార్లీన్ నవ్వింది. నవ్వు పూర్తిగా రాలేదు, ఎందుకంటే ఇంట్లో ఆమె తండ్రి ఉన్నాడు.

రూడీ హిల్టునెన్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. నలభై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టిన మనిషి. ఆ వేసవిలో దవడలో గడ్డకి కరెంటు పెట్టే ముందు ఆసుపత్రివాళ్లు పళ్లన్నీ తీసేశారు. గడ్డ పోయింది. దాంతోపాటు నూట ఎనభై పౌన్ల మనిషి నూట ముప్పై ఒకటికి వచ్చాడు. వచ్చే శుక్రవారం తూకం. నూట ముప్పైకి దిగితే పొట్టకి చిల్లు పెట్టి గొట్టం వేస్తామని నర్సు చెప్పింది.

"గొట్టం వేసిన రోజే నా తుపాకీ ఎవరికైనా ఇచ్చెయ్," అన్నాడు రూడీ. అతను మాట మీద నిలబడే మనిషి. అదే డార్లీన్ భయం.

ఆమె రోజుకి మూడుసార్లు మిక్సీ వేసేది. బంగాళాదుంప, మాంసం, పాలు, అన్నీ కలిపి. రూడీ చెంచా ఎత్తి, దించి, "ఇది తినడానికా, గోడకి పూయడానికా?" అని పక్కకి నెట్టేసేవాడు.

"నాలుగు చెంచాలు నాన్నా. నాకోసం."

"నీకోసం గోడకి పూస్తాను, తేపో."

సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె వంటింట్లో ఉండగా ముందు గదిలోంచి తండ్రి గొంతు వినిపించింది. "శవంలా అక్కడ నిలబడతావేంట్రా, లోపలికి రా!"

తొంగి చూసింది. కిటికీ అద్దం అవతల, పొగమంచులో, కోటు కనపడని ఒట్టి ముఖం. అది జరిగి తలుపులోంచి వచ్చింది.

"ఎన్ని?" అన్నాడు ఆర్విడ్.

"సున్నా."

"పైన?"

"సున్నా."

"కింద?"

"ఒరేయ్, సున్నాలో పైనా కిందా ఏంట్రా!"

"చిగుళ్లు గట్టిపడ్డాయా?"

"నీ వేలు పెట్టు, కొరికి చూపిస్తాను."

ఆర్విడ్ నిజంగానే వేలు పెట్టాడు. రూడీ నిజంగానే కొరికాడు. ఇద్దరూ కాసేపు అలాగే, పెద్ద మనుషుల్లా గంభీరంగా ఉండిపోయారు. తర్వాత ఆర్విడ్ వేలు తుడుచుకుని, కోటులోంచి నల్ల అట్ట పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

"శుక్రవారమా?" అన్నాడు.

"శుక్రవారం."

"సరే."

పుస్తకం టప్పున మూసుకుంది. డార్లీన్ ఆ చప్పుడుకి ఉలిక్కిపడింది. గని మూలిగింది. తలుపు దగ్గర పొగమంచు ఆర్విడ్‌ని మింగేసింది, నమలకుండానే.

మర్నాడు షాపు తెరిచేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు. పన్నెండో నంబరు మిషన్ చూపించమన్నాడు. మధ్య సైజుది, చిన్న గొంతుది, ఉక్కు చక్రాలది, వెనక్కి తిరిగేది. కైమా బయటికి వచ్చే చిల్లుల బిళ్లలు రెండు తీసి వెలుతురుకి పెట్టి, ఒంటికన్నుతో చూశాడు. మాంసం డబ్బా తేలేదు. పళ్లు జేబులో పెట్టలేదు.

"ఇది ఇచ్చెయ్."

మూడేళ్ల బేరం పది నిమిషాల్లో అయిపోయింది. డార్లీన్‌కి సంతోషం బదులు అనుమానం వచ్చింది. "పరీక్ష చెయ్యరా?"

"టైమ్ లేదు."

"మీకా?"

"రూడీకి."

పెగ్గీ మెడలో ఉన్న సిలువని రెండు చేతులతో పట్టుకుంది.

అతను వెళ్లాక చూస్తే సన్న చిల్లుల బిళ్ల బల్ల మీదే ఉండిపోయింది. డార్లీన్ దాన్ని జేబులో వేసుకుని బండి తీసింది. బిళ్ల ఇవ్వడానికే వెళ్తున్నానని తనకి తను చెప్పుకుంది. దారి పొడుగునా చెబుతూనే ఉంది.

కొట్టంలో నీలం ట్యూబులైటు వెలుగుతోంది. దూలానికి తల లేని జింక వేలాడుతూ, ఎవరూ తాకకుండానే అటూ ఇటూ తిరుగుతోంది. మిషన్ ఒంటరిగా నడుస్తోంది. నోట్లో మాంసం లేదు, పక్కన మనిషి లేడు. ఆ హోరు కాళ్ల కింద నేలలోంచి వస్తున్నట్టుంది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంది. దాని మీద నల్ల సిరా ఇంకా ఆరలేదు: రూడీ హిల్టునెన్, మెడ, రెండుసార్లు. కాగితంలో ఇంకా ఏమీ చుట్టలేదు.

ఆమె ఫ్రీజర్ మూత ఎత్తింది. చలి పొగ ముఖానికి కొట్టింది. పొగ కింద పేర్లు. సగం ఊరు ఉంది అందులో. హెల్మీ ఉంది. ఇన్‌గ్రిడ్ ఉంది. పాస్టరు ఉన్నాడు. పెగ్గీ ఉంది. పెగ్గీ పక్కనే, అన్నిటికన్నా పెద్ద పొట్లం మీద: డార్లీన్.

"బిళ్ల తెచ్చావా?"

ఆమె వేసిన కేకకి జింక కూడా తిరగడం ఆపింది. వెనకాల ఆర్విడ్, చేతిలో వైరు ముక్కతో నిలబడి ఉన్నాడు. "కొత్త మిషన్. మొదట కాసేపు ఖాళీగా తిప్పాలి, నూనె వాసన పోతుంది," అన్నాడు, ఆమె దాని గురించే అరిచిందన్నట్టు.

"నాన్న పేరు ఎందుకు రాశారు?"

"రాయకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"హెల్మీ పేరు రాశారు, పోయింది! వెర్నర్ పేరు రాశారు, పోయాడు!"

ఆర్విడ్ ఇది మొదటిసారి వింటున్నట్టు వైరు ముక్క కింద పెట్టాడు. "ఎక్కువగా నమలలేనివాళ్లకి ఇవ్వడానికే రాస్తాను అమ్మాయ్," అన్నాడు. "నమలలేనివాళ్లు ముసలివాళ్లు. ముసలివాళ్లు పోతుంటారు. అందులో నేను చేసిందేముంది?" నల్ల అట్ట పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దీపం కిందికి జరిగి చదివింది. హెల్మీ: పైన సున్నా, కింద ఆరు, పంది కొవ్వు కలపకూడదు, గుండె. వెర్నర్: సున్నా, ఉప్పు వద్దు, ఒంటికి నీరు పట్టింది. పాస్టరు: ఎడమవైపు మాత్రమే. పేజీల నిండా కాలియో నోళ్లన్నీ ఉన్నాయి. ఎవరికి ముతక బిళ్ల, ఎవరికి సన్న బిళ్ల, ఎవరికి ఒకసారి, ఎవరికి రెండుసార్లు. ఒకరి మాంసం ఇంకొకరి దాంట్లో ఎందుకు కలవకూడదో అప్పుడు అర్థమైంది.

"హెల్మీ పొట్లం ఇంకా ఎందుకు దాచారు?"

"ఆవిడది. ఇంకెవరికి ఇస్తాను?" అన్నాడు. ఫ్రీజర్ మూత దించుతూ, "పిల్లికి పెడదామనుకున్నాను. కానీ పిల్లికి పళ్లున్నాయి."

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ మెడ మాంసం మీద తెల్లటి పొర ఒక్క పోగు కూడా మిగలకుండా తీశారు. వేళ్లు మొద్దుబారేంత చల్లగా ఉండగానే ముతక బిళ్లలోంచి ఒకసారి, సన్న బిళ్లలోంచి ఒకసారి వేశారు. ఒక దగ్గర నరం చుట్టుకుంటే మిషన్ వెనక్కి తిరిగి కక్కేసింది. "చూశావా, దానికి బుద్ధుంది," అన్నాడు ఆర్విడ్. తర్వాత పొయ్యి వెలిగింది, పళ్లు జేబులోకి వెళ్లాయి.

అతను నములుతుంటే డార్లీన్ మొదటిసారి భయం లేకుండా చూసింది.

"నలిగి ముద్దయితే," అన్నాడు పళ్లు లేని నోటితోనే, "అది ఆకలి తీరుస్తుంది. కానీ మగాడు అది తినడు. నోటికి ఇది మాంసమని తెలియాలి. చేత్తో తిప్పితే తెలిసేది. భుజం పోయాక ఏ మిషనూ ఆ మాట వినలేదు." ఇంకో నాలుగుసార్లు నమిలాడు. మడతపడిన ముఖం మెల్లగా విప్పుకుంది. "ఇది వింది."

ఇంటికి వెళ్లి ఆమె ఆ కైమాని ఉల్లిపాయతో వేయించి పెట్టింది. రూడీ అనుమానంగా చెంచా నోట్లో పెట్టుకున్నాడు. గోడ వైపు చూడలేదు. దవడ కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"ఆ వెధవ మిరియాలు తక్కువేశాడు," అన్నాడు.

"మిరియాలు వేసింది నేను నాన్నా."

"అయితే నువ్వే వెధవవి. ఇంకా ఉందా?"

శుక్రవారం తూకంలో ముల్లు నూట ముప్పై మూడు దగ్గర నిలబడింది. నర్సు రూడీ జేబులు వెతికింది, రాళ్లేమైనా ఉన్నాయేమోనని. లేవు. గొట్టం మాట వచ్చే నెలకి వాయిదా పడింది. రూడీ తుపాకీకి నూనె రాసుకున్నాడు.

డార్లీన్ తన పేరున్న పొట్లం ఆదివారం విప్పింది. లోపల బిళ్ల మొహమే చూడని కాలి ముక్క, ఎముకతో సహా, చెప్పు అట్టలా గట్టిగా. కాగితం లోపలివైపు రాసి ఉంది: ఇరవై ఎనిమిది ఉన్నాయి. నమలనీ.

సోమవారం పెగ్గీ గల్లాపెట్టె మీంచి వంగి, "వెళ్లావట. ఫ్రీజర్ చూశావట. నా పేరుందా?" అంది.

"ఉంది."

పెగ్గీ బల్ల పట్టుకుంది. "ఎన్నాళ్లని రాశాడు?"

"నాళ్లు కాదే. పళ్లు. పందొమ్మిది అని రాశాడు."

"పందొమ్మిదా!" పెగ్గీ మొహం భయంలోంచి నేరుగా కోపంలోకి వెళ్లింది. "నాకు ఇరవై నాలుగున్నాయి. ఊరంతా తెలుసు!"

గంట మోగకుండానే తలుపు తెరుచుకుంది. పొగమంచు ముందు వచ్చింది, ఆర్విడ్ తర్వాత వచ్చాడు. పెగ్గీ చప్పున నోరు మూసుకుంది. అది చూడటానికి షాపులో ఇద్దరు ఖాతాదారులు కూడా ఉన్నారు, ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆర్విడ్ ఎదురుగా నిలబడి ఓపిగ్గా కాచుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. చివరికి పెగ్గీ, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచింది. అతను టార్చి వేసి, పైన చూసి, కింద చూసి, ఇంకోసారి పైన చూశాడు. పుస్తకం తీసి పందొమ్మిది కొట్టేసి ఇరవై అని రాశాడు.

"వెనకాల ఒకటి దాక్కుంది," అన్నాడు మెచ్చుకోలుగా. "నీకు ముతక బిళ్లే చాలు." కోటు జేబులోంచి ఆమె లాటరీ టికెట్ల కట్ట తీసి, బల్ల మీద పెట్టి, పొగమంచులోకి వెళ్లిపోయాడు.